అరువిచ్చిన మొహం

పత్రిక అట్ట మీది ఆ బొమ్మ ఆపకపోతే తన చెల్లెలు ఉరికంబం ఎక్కుతుందని హెస్టర్ పినాక్ మొత్తుకుంటుంటే, సంపాదకుడు స్నెల్‌గ్రోవ్ బిస్కట్టు టీలో ముంచుకుంటున్నాడు. మునిగిన ముక్క ఎక్కడ విరిగి కప్పులో పడిపోతుందోనని ఆయన దృష్టంతా దాని మీదే ఉంది.

"ఉరికంబమా! అంత దూరం వెళ్ళిపోకండి మిస్ పినాక్," అన్నాడు బిస్కట్టు క్షేమంగా నోట్లో పడ్డాక. "అది శవ పంచాయతీ. చావుల విచారణకి ఎవరో ఒక కారొనర్ కూర్చుంటాడు, నలుగురు కొట్లవాళ్ళు కూర్చుంటారు, ఎలా పోయాడో తేలుస్తారు. అంతేగా?"

"నలుగురు కాదు, పన్నెండు మంది. ఫలానా మనిషి కావాలని చంపిందని ఆ పన్నెండు మందీ రాసిచ్చారంటే, ఆ ఫలానా మనిషి అటునుంచటే జైలుకి. వచ్చే సోమవారం వాళ్ళు మళ్ళీ కూర్చుంటున్నారు. ఎల్లుండి శనివారం మీ పత్రిక వాళ్ళ చేతిలో పడుతుంది. దాని అట్ట మీద మా రోజమండ్ మొగుడికి విషం పోస్తూ ఉంటుంది!"

"మీ రోజమండ్ కాదండీ. మీ కథలో మేడమ్ ఇసోరా."

"మొహం మా రోజమండ్‌ది."

స్నెల్‌గ్రోవ్ కప్పు కింద పెట్టి, కాస్త జాలిగానే చూశాడు. జాలి ఉంది ఆ మనిషికి, కాదనకూడదు. పనికొచ్చేంత మాత్రం లేదు. "అచ్చయి పోయిందమ్మా. మనది వారం ముందు నడిచే బండి, మీకు తెలియనిదా? కట్టలు కట్టేశారు. గ్లాస్గో వెళ్ళేవి నిన్ననే రైలెక్కాయి."

"పోనీ, చివరి వారం ఇంకా అచ్చుకెళ్ళలేదుగా. ఇసోరా నిర్దోషి అని రాస్తాను. విషం పెట్టింది ఆవిడ కాదు, వంటవాడని తేలుస్తాను. సోమవారం లోపల ఆ సంగతి ఏదైనా దినపత్రికలో వేయించండి."

ఈసారి స్నెల్‌గ్రోవ్‌కి నిజంగానే కోపం వచ్చింది. "తొమ్మిది వారాల నుంచి ఆవిడ ఎప్పుడు చస్తుందా అని లక్ష మంది కాచుక్కూర్చుంటే, ఆవిడ మంచిదంటారా? నా కిటికీల అద్దాలు పగలగొడతారు! నా దగ్గర ఒకటే నియమం మిస్ పినాక్. పదకొండు వారాలు ఆడది ఏం చేసినా నేను అడగను. గొంతులు కొయ్యనీ, బ్యాంకులు దొయ్యనీ. పన్నెండో వారం చావాలి. అది కూడా చేసిన పాపానికే చావాలి. మగ దొంగయితే పడవెక్కి పారిపోయినా ఊరుకుంటారు. ఆడది పారిపోతే పాదరీలు ఊరుకోరు."

ఆ నియమం హెస్టర్‌కి కంఠతా వచ్చు. ఆరేళ్ళుగా దాని మీదే బతుకుతోంది. 'కెప్టెన్ రూపర్ట్ వేన్' అనే మీసాలాయన పేరు పెట్టుకుని ఇప్పటికి పదకొండు మంది దుర్మార్గురాళ్ళని పుట్టించింది, పదకొండు మందినీ చంపింది. ఒకతె పిడుగు పడి పోయింది, ఒకతె తన ఉంగరంలో విషం తానే నాకింది, ఇంకొకతె లండన్ బ్రిడ్జి మీంచి పడింది. ఏ ఒక్కదాని కోసమూ ఆవిడ కన్ను తడవలేదు. ఇప్పుడు పన్నెండోదాన్ని బతికించమని సంపాదకుడి కాళ్ళు పట్టుకోవలసి వచ్చింది.

అంతా ఆ ఫొటోతో మొదలయింది. ఆ పత్రిక 'శనివారపు లాంతరు'కి బొమ్మలు గీసే పెగ్లర్ వేసవిలో ఒకరోజు హెస్టర్ బల్ల దగ్గరికొచ్చి నసిగాడు. "ఏం చెయ్యమంటారు మేడమ్, ఎంత దుర్మార్గురాల్ని గీసినా మా ఆవిడలాగే వస్తోంది. ఆవిడ నెల్లాళ్ళ నుంచి నాతో మాట్లాడ్డం మానేసింది. ఎవరైనా మంచిపిల్ల మొహం ఇప్పించండి, చెడగొట్టుకోడం నేను చూసుకుంటాను."

హెస్టర్ నవ్వి, సంచిలోంచి చెల్లెలి ఫొటో తీసిచ్చింది. అడిగితే రోజమండ్ ఎగిరి గంతేసింది. "నన్ను చెడ్డదాన్ని చేస్తావా అక్కా? చెయ్యి, చెయ్యి! కాంబర్‌వెల్‌లో ధాన్యం కొట్టువాడి పెళ్ళాంగా ఏడేళ్ళు మంచిగా ఉండి ఉండి విసుగొచ్చింది." మొదటి అట్ట వచ్చిన వారం నాలుగు ప్రతులు కొని చుట్టాలందరికీ పంపింది. ఆమె మొగుడు ఎడ్గార్ టల్లీ ఇంకా సంబరపడ్డాడు. మేడమ్ ఇసోరాతో కాపురం చేస్తున్నానని కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. సెప్టెంబరులో కడుపులో జ్వరం పట్టుకుని మంచాన పడ్డాక కూడా, గంజి కప్పుతో భార్య రాగానే, "ఇంకొక్క చుక్కా ప్రియతమా?" అని కథలో ఇసోరా మాటే అప్పజెప్పి ఏడిపించేవాడు. ఇరుగూ పొరుగూ అది విని కడుపుబ్బ నవ్వేవారు.

అక్టోబరు రెండోవారంలో ఎడ్గార్ పోయాడు. ఆ మర్నాటినుంచి ఎవరూ నవ్వలేదు.

ఎడ్గార్ తల్లి, ముసలి మిసెస్ టల్లీ, లాంతరు పత్రికలు తొమ్మిదీ చంకలో పెట్టుకుని కారొనర్ దగ్గరికి వెళ్ళింది. కొడుకు పోయిన ముసలిది. ఏదో ఒకటి పట్టుకుని వేలాడాలి, దొరికింది పట్టుకుంది. ఆచారం ప్రకారం జ్యూరీ పన్నెండు మందీ బూట్లతో టకటకా మేడెక్కి, మంచం మీద శవాన్ని చూసి, టోపీలు తీసి, దిగి వెళ్ళారు. దిగేటప్పుడు వాళ్ళ పెద్ద, కసాయి కొట్టు గాడ్బీ, దిండు కింద ఉన్న లాంతరు ఒకటి లాగి జేబులో పెట్టుకున్నాడు. రోజమండ్ రోజూ మొగుడికి చదివి వినిపిస్తున్నది అదేనని పనిపిల్ల చెప్పేసింది. జబ్బుపడ్డ మొగుడి పక్కన కూర్చుని, మొగుణ్ణి చంపే ఆడదాని కథ చదివిందట! వీధికి ఇంకేం కావాలి?

స్నెల్‌గ్రోవ్ ఇంకో బిస్కట్టు తీసుకున్నాడు. హెస్టర్ లేచి వచ్చేసింది.

శనివారం పొగాకు కొట్టు కిటికీలో తాడు మీద ఆరు లాంతర్లు వేలాడుతున్నాయి. ఆరుగురు రోజమండ్‌లు, ఆరు సీసాలు. చూడకుండా వెళ్ళిపోదామనుకున్నా కాళ్ళు సాగలేదు.

"కొంటారామ్మా? లేకపోతే పక్కకి తప్పుకోండి, వెనకాల జనం ఉన్నారు," అన్నాడు కొట్టువాడు. "ఈవిడ మన టల్లీ గారి పెళ్ళామేనంట, తెలుసా? అచ్చు గుద్దినట్టు దిగింది."

"కథ వేరు, మనుషులు వేరు," అంది హెస్టర్.

"భలేవారే! నిప్పు లేందే పొగొస్తుందా? ఆ కెప్టెన్ గారు ఊరికే రాస్తారా? మిలిటరీ మనిషి, ఎన్ని చూసుంటాడు!"

ఏ కెప్టెనూ ఏమీ చూడలేదని అరవాలనిపించింది హెస్టర్‌కి. పక్కకి తప్పుకుంది.

ఆదివారం మధ్యాహ్నం చెల్లెలింటికి వెళ్ళేసరికి గుమ్మం ముందు రెండు రోజుల బురద ఎవరూ కడగకుండా ఎండిపోయి ఉంది. పనిపిల్ల మానేసింది. రొట్టెలవాడు శుక్రవారం నుంచి ఆ గడప తొక్కలేదు. రోజమండ్ వంటింట్లో నల్లబట్టల్లో కూర్చుని, పాత రొట్టె పొయ్యి ముందు వెచ్చబెడుతోంది. బాగా చిక్కిపోయింది. చిక్కిన కొద్దీ పెగ్లర్ గీసిన బొమ్మకి మరీ దగ్గరగా వచ్చేసింది ఆ మొహం. హెస్టర్ అది గమనించి, గమనించినందుకు తనని తాను తిట్టుకుంది.

"అక్కా, ఆవిణ్ణి చివరికి ఏం చేస్తున్నావు?" అంది రోజమండ్, రొట్టె మీంచి చూపు తిప్పకుండానే.

"ఎవర్ని?"

"నన్నే."

హెస్టర్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఎడ్గార్ చచ్చేదాకా అడుగుతూనే ఉన్నాడు. సముద్రంలో దూకుతుందని ఆయనా, కాదు రైలు కింద పడుతుందని నేనూ పందెం. ఒక్క ముక్క చెప్పలేదు నువ్వు. చెబితే నీ సొమ్మేం పోయేది? పాపం తెలుసుకుని పోయేవాడుగా." అని నవ్వింది. చిన్నగా, గొంతులోనే, ఒక గాజుకి ఇంకో గాజు తగిలినట్టు. నవ్వుతూనే రెండు చేతులతో నోరు మూసుకుంది. "చూశావా? మళ్ళీ వచ్చేసింది! మొదటిరోజు ఆ గాడ్బీ, 'మీ ఆయనంటే మీకు ఇష్టమేనా అమ్మా' అనడిగినప్పుడూ ఇలాగే వచ్చింది. అక్కా, రేపు కూడా నవ్వేస్తే? నన్ను తీసుకుపోతారు కదూ?"

చిన్నప్పటినుంచీ అంతే రోజమండ్. భయం వేస్తే ఏడవడం రాదు, నవ్వొస్తుంది. తండ్రి శవం పెట్టె దించుతున్నప్పుడు నవ్వితే పినతల్లి చెంప పగలగొట్టింది. ఆ చెంపదెబ్బకి అడ్డం వెళ్ళి సగం తను తిన్నది హెస్టరే. అన్నీ తెలిసి, ఆ నవ్వునే తీసుకెళ్ళి మేడమ్ ఇసోరా గొంతులో పెట్టింది. ప్రతి వారం కథ ఆ నవ్వుతోనే ముగించింది. మొహం అడిగి తీసుకుంది గాని నవ్వు అడగలేదు. దాన్ని దొంగతనమే అనాలి.

"నేను చెప్తాను వాళ్ళకి," అంది చెల్లెలి చేతులు పట్టుకుని. "ఆ కథ రాసేది నేనే అని, ఫొటో ఇచ్చింది నేనే అని, నవ్వు కూడా నీ భయం నవ్వేనని, అన్నీ చెప్పేస్తాను. కారొనర్‌కి నిన్ననే ఉత్తరం రాశాను, నన్ను పిలవమని."

"నిజం చెబితే నమ్ముతారా?"

"నిజం చెబితే ఎందుకు నమ్మరే పిచ్చిదానా?"

ఆరేళ్ళుగా అబద్ధాలు అమ్ముకు బతికిన మనిషికి నిజం మీద ఎంత నమ్మకమో చూడండి!

సోమవారం విచారణ వీధి మలుపులో ఉన్న సారాకొట్టు మేడ మీది హాల్లో పెట్టారు. చావుల విచారణకి కాంబర్‌వెల్‌లో అంతకంటే పెద్ద గది లేదు. కింద బీరు వాసన, పైన తడిసిన గొడుగుల వాసన. కారొనర్ జలుబుతో ఉన్న ముసలాయన, రుమాలు ముక్కు దగ్గరినుంచి తీయడం లేదు. జ్యూరీ రెండు బెంచీల మీద ఒత్తుకుని కూర్చుంది. గాడ్బీ ఒళ్ళో శనివారపు లాంతరు ఉంది. అట్ట పైకి ఉంది.

ముందు రసాయనాల పండితుడు నిలబడి, శవం కడుపులో పాషాణ విషం జాడ కనిపించిందన్నాడు. హాలంతా ఉలిక్కిపడింది. చంపేంత లేదన్నాడు. కడుపునొప్పికి డాక్టరు ఇచ్చిన తెల్లమందులో ఆ మాత్రం పాషాణం కలిసి ఉండొచ్చన్నాడు. ఉండకపోనూ వచ్చన్నాడు. జ్యూరీకి మొదటిమాట వినబడింది, మిగతావి వినబడలేదు. పన్నెండు తలలూ రోజమండ్ వైపు తిరిగి, మళ్ళీ అట్టవైపు తిరిగాయి.

తర్వాత ముసలి మిసెస్ టల్లీ వచ్చింది. "నా కొడుకు ముందే చెప్పాడయ్యా! 'ఇంకొక్క చుక్కా' అని అడిగేవాడు దాన్ని! మేం వేళాకోళం అనుకున్నాం. చచ్చేవాడు చెబుతుంటే మేం నవ్వాం!" అని గుండె బాదుకుంది. హాల్లో ఆడవాళ్ళు ముక్కులు చీదారు. రోజమండ్ పెదవి చివర వణికింది. నవ్వు వస్తోందని హెస్టర్‌కి తెలిసిపోయింది. చెల్లెలు రుమాలు పళ్ళమధ్య కుక్కుకుని తల వంచేసుకుంది.

"మిస్ హెస్టర్ పినాక్," అని పిలిచాడు కారొనర్. "మీకేదో తెలుసని రాశారు. ఏమిటది?"

హెస్టర్ లేచి, సాక్షి కుర్చీ పక్కన నిలబడింది. "మేడమ్ ఇసోరా కథ రాసేది నేనండీ. కెప్టెన్ వేన్ అని ఎవరూ లేరు."

బెంచీల్లో గుసగుసలు లేచాయి. "ఉన్నాడు! మీసాలు కూడా ఉన్నాయి, ఆయన బొమ్మ మా ఇంట్లో గోడకి అంటించాం," అన్నాడు కొవ్వొత్తుల కొట్టాయన నొచ్చుకుంటూ. కారొనర్ బల్ల మీద తట్టాడు.

హెస్టర్ గబగబా చెప్పుకుపోయింది. పెగ్లర్ అడిగాడు, తను ఫొటో ఇచ్చింది, వేసవిలోనే ఇచ్చింది, అప్పటికి ఎడ్గార్‌కి జబ్బే లేదు. కథ వేరు, తన చెల్లెలు వేరు. అది ఉత్త బొమ్మ.

గాడ్బీ చెయ్యెత్తాడు. నెమ్మదైన మనిషి, మాటకి ముందు పెద్దగా ఊపిరి తీస్తాడు. "అంటే బొమ్మ ఆవిడదే. ఒప్పుకున్నారు."

"బొమ్మ ఆవిడదే, కానీ..."

"ఈ నవ్వు?" గాడ్బీ పేజీ తిప్పి వేలుపెట్టి చదివాడు. "'ఒక గాజుకి ఇంకో గాజు తగిలినట్టు నవ్వింది.' మొన్న ఈవిడ ఇదే గదిలో ఇలాగే నవ్వింది. మేమంతా విన్నాం. ఇదీ మీ చెల్లెలిదేనా?"

"అవును. అది భయం నవ్వండీ. చిన్నప్పటినుంచీ..."

"మొహం ఆవిడది. నవ్వు ఆవిడది. మొగుడికి చెంచాతో గంజి పట్టే తీరు కూడా ఆవిడదేనా?"

అదీ ఆవిడదే.

"నేను పెద్ద చదువుకున్నవాణ్ణి కాదమ్మా," అన్నాడు గాడ్బీ మర్యాదగానే. "నాకు తోచింది అడుగుతున్నాను. చెల్లెల్ని పుట్టినప్పటినుంచీ ఎరిగిన మనిషి మీరు. ఊళ్ళో ఇంతమంది ఆడవాళ్ళుండగా, మొగుణ్ణి చంపేదాన్ని రాయాల్సొచ్చినప్పుడు మీకు ఆవిడే ఎందుకు గుర్తొచ్చింది? ఏం చూశారు మీరు ఆవిడలో?"

కారొనర్ రుమాలు దించాడు.

చెల్లెల్ని విడిపించడానికని హెస్టర్ తెచ్చిన నిజాలన్నీ ఒక్కొక్కటే చెల్లెలి మెడకి చుట్టుకున్నాయి. ఏమీ చూడలేదంటే నమ్మరు. దగ్గర ఉందని తీసుకున్నానంటే అసలు నమ్మరు. కుమ్మరి చేతికందిన మట్టి తీసుకున్నట్టు, రాసేవాళ్ళు పక్కనున్న మనిషిని తీసుకుంటారని ఈ కసాయి కొట్టాయనకి ఎలా చెప్పడం? చెల్లెలు తలెత్తి చూస్తోంది. అక్క ఏదో ఒకటి చెబుతుందన్న నమ్మకంతో చూస్తోంది. అది చూసి హెస్టర్‌కి ఏడుపొచ్చింది.

బెంచీల వైపు చూసింది. ఈ పన్నెండు మందినీ ఆమె బాగా ఎరుగును. పేర్లు తెలియవు గాని, ఆరేళ్ళుగా శనివారం శనివారం వీళ్ళకే వండి వడ్డిస్తోంది. వీళ్ళు చెడ్డవాళ్ళు కాదు. తొమ్మిది వారాలుగా ఒక రాక్షసి వెంటపడి వచ్చారు. ఆ రాక్షసిని చూడకుండా ఇంటికి వెళ్ళరు. నిజం చెప్పి ఉత్త చేతులతో పంపితే, ఎదురుగా ఉన్నదాన్ని పట్టుకుపోతారు. వాళ్ళకి ఒకతెను చూపించాలి. ఎవర్ని?

హెస్టర్ మొహం మీది మేలిముసుగు పైకి తీసింది. తొందరపడకుండా, రెండు చేతులతో తీసింది. అలా తీయడం ఎలాగో ఆవిడ కనీసం ఇరవైసార్లు రాసింది.

"మా చెల్లెల్లో చూడ్డానికి ఏముందండీ?" అంది. ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "బొమ్మకి పనికొచ్చే మొహం ఒకటుంది. దాని వెనకాల ఏమీ లేదు. కోడి మెడ తిప్పమంటే ఏడుస్తుంది. ఉప్పుకీ పంచదారకీ తేడా తెలీక రెండుసార్లు పాయసం పాడుచేసింది. దానికి విషం పెట్టే తెలివెక్కడిది? అది మేడమ్ ఇసోరా అయితే, నేను రెండోవారానికే కథ ఆపేసుకోవాలి."

ఎవరో కిసుక్కుమన్నారు. రోజమండ్ తెల్లబోయింది.

"తెలివి నాది," అంది హెస్టర్. "పాషాణం ఎంత పెడితే రాత్రికి పోతాడో, ఎంత పెడితే నెల తీసుకుంటాడో ఆ పండితుడు గారు కాగితం చూసి చదివారు. నేను కాగితం లేకుండా చెప్తాను. వినాలనుందా గాడ్బీ గారూ?"

గాడ్బీ ఒళ్ళో పత్రిక జారి కిందపడింది. ఆయన తీసుకోలేదు.

"అవన్నీ మీకెలా తెలుసు?" అన్నాడు కారొనర్.

"నా పని అదే కదండీ. ఈ వారం కథలో ఒక వాక్యం ఉంది. 'అతని పెదవులు తడి సున్నంలా తెల్లబడ్డాయి.' అందరూ చదివే ఉంటారు. బాగుంది కదూ? అది కల్పన కాదు. మా మరిది. పోయే ముందు బుధవారం, మధ్యాహ్నం మూడున్నరకి. పక్కన కుర్చీలో కూర్చుని, పుస్తకం మోకాలి మీద పెట్టుకుని రాసుకున్నాను. గోళ్ళ రంగు కూడా రాసుకున్నాను. నీళ్ళు అడిగితే, వాక్యం పూర్తిచేసి ఇచ్చాను."

ఇది మాత్రం అబద్ధం కాదు. ఎవరికీ ఎన్నటికీ చెప్పకూడదని రెండు వారాలుగా కడుపులో దాచుకున్నది ఇదే. ఎడ్గార్ మంచివాడు. 'ఏం రాస్తున్నావు వదినా, నాగురించేనా?' అని నవ్వబోయి దగ్గాడు కూడా. ఆ మాట మాత్రం హెస్టర్ వాళ్ళకి ఇవ్వలేదు, తనకే ఉంచుకుంది.

"దెయ్యం!" అని కేకవేసింది ముసలి మిసెస్ టల్లీ. "నా బిడ్డ చస్తుంటే రాసుకుందట!"

"ఆరోజు అతనికి తినడానికి ఏమైనా ఇచ్చారా?" గాడ్బీ గొంతులో మర్యాద పోయింది.

"గంజి ఇచ్చాను. చెల్లెల్ని పడుకోమని పంపించి నేనే కాచాను. దానికంటే నేను బాగా కాస్తాను."

"అందులో ఏమైనా కలిపారా?"

హెస్టర్ వెంటనే జవాబు చెప్పలేదు. ఎంతసేపు ఆగితే చదివేవాడి ఊపిరి ఆగుతుందో ఆమెకి తెలుసు. అంతసేపూ ఆగింది. పన్నెండు జతల కళ్ళూ తన మీదే ఉన్నాయి. ఒక్క జత కూడా రోజమండ్ మీద లేదు.

"లేదండీ," అంది, కొంచెం నవ్వి. "ఎందుకు కలుపుతాను? ఆయన చస్తే నాకేం వస్తుంది? ఒక వాక్యం తప్ప!"

పోలీసాయన ఆమె దగ్గరికి ఒక అడుగు వేసి, కారొనర్ వైపు చూశాడు. కారొనర్ తల అడ్డంగా ఊపాడు. కలపలేదని ప్రమాణం చేసి చెప్పిన మనిషిని, చంపేంత విషం దొరకని చోట, దుర్మార్గంగా మాట్లాడిందని పట్టుకోడానికి చట్టం ఒప్పుకోదు. చీవాట్లు పెట్టడానికి ఒప్పుకుంటుంది. ఆయన జలుబు మరిచిపోయి పది నిమిషాలు చీవాట్లు పెట్టాడు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఇంత రాతిగుండె ఆడదాన్ని చూడలేదన్నాడు. హెస్టర్ ముసుగు దించకుండా విన్నది.

జ్యూరీ పక్కగదిలోకి వెళ్ళి పావుగంటలో తిరిగొచ్చింది. ఎడ్గార్ టల్లీ కడుపుజ్వరంతో పోయాడు, పాషాణం ఎలా వచ్చిందో చెప్పడానికి ఆధారం లేదు, విధవరాలి మీద జ్యూరీకి ఎలాంటి అనుమానమూ లేదు, మిస్ పినాక్ నడత మీద మాత్రం అందరికీ పరమ అసహ్యం కలిగింది. ఇది తీర్పులో రాసుకోవాలని గాడ్బీ పట్టుబట్టాడు. రాసుకున్నారు.

బతికింది పిల్ల. బతికింది. హెస్టర్ కుర్చీ వీపు పట్టుకుని నిలబడి ఆ ఒక్కమాటే లోపల పదిసార్లు అనుకుంది.

మెట్ల దగ్గర జనం రెండుగా చీలి ఆమెకి దారి ఇచ్చారు. మెట్ల పైన రోజమండ్ నిలబడి ఉంది. ముసలి మిసెస్ టల్లీ తన శాలువా తీసి కోడలి భుజాల మీద కప్పుతోంది. "నిన్ను ఎన్ని మాటలన్నానమ్మా, నా నోరు పడిపోను. నీ తప్పేముంది, ఇంట్లోనే పామును పెట్టుకున్నాం," అంటోంది. కోడలు వినడం లేదు. అక్కనే చూస్తోంది.

"అక్కా," అంది రోజమండ్. నవ్వడం లేదు. "బుధవారం నన్ను పడుకోమన్నావు."

"ఊఁ."

"నేను రెండు గంటలు నిద్రపోయాను. లేచేసరికి గంజి కప్పు కడిగి బోర్లించి ఉంది. నువ్వే కడిగావు."

"ఊఁ."

"ఒక్కసారి చెప్పక్కా. వాళ్ళకి కాదు, నాకు చెప్పు. నువ్వేం చెబితే అదే నమ్ముతాను."

లేదే తల్లీ అనడానికి హెస్టర్ నోరు తెరిచింది. దగ్గరికి లాక్కుని, ఆ జుట్టు నిమిరి, పిచ్చిదానా, నిన్ను బతికించుకోడానికి ఆడిన నాటకమే అనాలని ప్రాణం కొట్టుకుంది. వెనకాల రెండు మెట్ల కింద గాడ్బీ పైపు వెలిగించడం ఆపి వింటున్నాడు. కొవ్వొత్తుల కొట్టాయన వింటున్నాడు. పోలీసాయన పుస్తకం ఇంకా మూయలేదు. నాటకమని వాళ్ళకి ఒక్క ముక్క వినబడితే చాలు, ఇంటికెళ్ళే లోపల ఆ కళ్ళన్నీ మళ్ళీ రోజమండ్ మీదికి తిరుగుతాయి. ఈ వీధిలో ఒక రాక్షసి ఉండి తీరాలి.

"తీర్పు వచ్చేసిందిగా రోజీ," అంది, అందరికీ వినబడేలా. "ఇంకా ఈ ప్రశ్నలెందుకు?"

రోజమండ్ చెయ్యి అక్క చేతిలోకి రాబోతున్నదల్లా ఆగిపోయింది. శాలువా దగ్గరికి లాక్కుని అత్తగారి వెనక్కి జరిగింది.

"పద తల్లీ," అంది ముసలావిడ, "దాని గాలి కూడా సోకకూడదు మనకి."

ఇద్దరూ మెట్లు దిగారు. వీధి తలుపు దగ్గర రోజమండ్ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. కిందికి వచ్చి తనని ఏమైనా చేస్తుందేమో అన్నట్టు చూసింది. అక్క కడుపున పుట్టకపోయినా అక్క చేతుల్లో పెరిగిన పిల్ల, అలా చూసి గబగబా బండెక్కింది. హెస్టర్ మెట్ల పైనే ఉండిపోయింది. జ్యూరీవాళ్ళు ఇంకా చూస్తున్నారు. వాళ్ళలో ఆఖరివాడు వెళ్ళిపోయేదాకా ఆమె ఏడవకూడదు.